డిజిటల్ ప్రతుల బదిలీ – పాఠప్రామాణ్యం: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తాళపత్ర గ్రంథాల చివర లేఖకులు తరచుగా ఒక విన్నపాన్ని చేర్చేవారు. మాతృకలో ఎట్లా ఉన్నదో అట్లాగే రాశామని, దోషాలుంటే తమను నిందించవద్దని దాని సారాంశం. నకలు తీసిన ప్రతిసారీ పాఠం మారే అవకాశం ఉందన్న ఎరుక ఆ విన్నపంలో ఉంది. నేడు తాళపత్రాలు, పాత ముద్రణలు, పత్రికలు స్కానింగ్ ద్వారా డిజిటల్ ఫైళ్లుగా మారి, కంప్యూటర్ నెట్‌వర్కుల మీదుగా ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు చేరుతున్నాయి. యంత్రం తీసిన నకలులో తప్పు దొర్లదన్న నమ్మకం ఈ రంగంలో బలంగా ఉంది. ఫైళ్ల బదిలీ చరిత్ర ఈ నమ్మకాన్ని పూర్తిగా సమర్థించదు. ఆ చరిత్రలోని ముఖ్య ఘట్టాలను గ్రంథభద్రత దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

తొలి దశ: యంత్రాల మధ్య భేదాలు

1969 అక్టోబరు 29న ఆర్పానెట్‌పై తొలి సందేశం ప్రయాణించింది. 1971 ఏప్రిల్‌లో అభయ్ భూషణ్ ఫైళ్ల బదిలీ ప్రోటోకాల్ (ఎఫ్.టి.పి.) తొలి రూపాన్ని ప్రతిపాదించాడు. ఆయన కాన్పూర్ ఐ.ఐ.టి. పూర్వ విద్యార్థి; అప్పుడు అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఉన్నాడు. నాటి కంప్యూటర్లు ఒకే తీరువి కావు. కొన్ని యంత్రాలు 36 బిట్లను ఒక పదంగా పరిగణిస్తే, మరికొన్ని 32 బిట్లను పరిగణించేవి. అక్షరాలకు కొన్ని ఆస్కీ సంకేతాలను, కొన్ని ఎబ్సిడిక్ సంకేతాలను వాడేవి. కాబట్టి ఫైలును పంపడమంటే కొంతవరకు దానిని అనువదించడమే అయింది.

1985 అక్టోబరులో స్థిరపడిన ఎఫ్.టి.పి. ప్రమాణంలోనూ ఈ లక్షణం కొనసాగింది. అందులో ఆస్కీ పద్ధతి, ఇమేజ్ పద్ధతి వేర్వేరుగా ఉన్నాయి. మొదటిది స్వీకరించే యంత్రానికి అనుగుణంగా పంక్తి ముగింపు గుర్తులను మారుస్తుంది. రెండవది బిట్లను ఉన్నవి ఉన్నట్లుగా చేరవేస్తుంది. ఏదీ ప్రత్యేకంగా కోరకపోతే మొదటి పద్ధతే అమలవుతుంది. స్కాన్ చేసిన పుట బొమ్మను పొరపాటున ఆస్కీ పద్ధతిలో పంపితే, బొమ్మలోని కొన్ని బైట్లను యంత్రం పంక్తి ముగింపులుగా భావించి మార్చవచ్చు. ఫైలు చేరుతుంది, పేరూ అదే ఉంటుంది, పుట మాత్రం చెడిపోతుంది.

అక్షరసంకేతాలు – తెలుగు అనుభవం

1971 జూలై 4న మైఖేల్ హార్ట్ ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లోకి ఎక్కించడంతో ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ మొదలైంది. ఆ పాఠమంతా ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉంది. పాఠం ఏ రూపంలో నిలవాలో యంత్రం నిర్ణయించిన సందర్భమది.

తెలుగుకు ఇటువంటి పరిమితి మరింత తీవ్రంగా ఎదురైంది. తొలి ఈ-మెయిల్ వ్యవస్థలు 7 బిట్ల ఆస్కీ అక్షరాలను మాత్రమే నమ్మకంగా చేరవేసేవి. ఎనిమిదవ బిట్టును దారిలోని యంత్రం తొలగించవచ్చు. దీని పర్యవసానాన్ని నేటి యూటీఎఫ్-8 సంకేతాలతో సులభంగా గ్రహించవచ్చు. 'క' అనే అక్షరం అందులో 224, 176, 149 అనే మూడు బైట్లుగా నిలుస్తుంది. ఎనిమిదవ బిట్టు పోతే అవి 96, 48, 21 అవుతాయి. వీటిలో 48 సున్నా అంకెకు సంకేతం. 'క' జాడ ఎక్కడా మిగలదు. 1990ల తొలి సంవత్సరాల్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణను ఈ నేపథ్యంలో చూడాలి. తెలుగును రోమన్ అక్షరాల్లో రాయడం వల్ల ఆనాటి నెట్‌వర్కులపై పాఠం చెడకుండా ప్రయాణించగలిగింది.

పరిమాణ సమస్య

పాఠం నుంచి పుట బొమ్మకు మారినప్పుడు పరిమాణం సమస్య అయింది. సెకనుకు 1 మెగాబిట్ వేగంతో 1 టెరాబైటు సమాచారాన్ని పంపడానికి సుమారు 93 రోజులు పడుతుంది. అందువల్లనే డేటాబేస్ శాస్త్రవేత్త జిమ్ గ్రే 2003 నాటికి కూడా డిస్కులను పెట్టెలో పెట్టి తపాలాలో పంపడమే మేలైన మార్గమని వాదించాడు.

తెలుగువాడైన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపించిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టు భారత్, చైనా, ఈజిప్టుల భాగస్వామ్యంతో 2007 నాటికి 15 లక్షల పుస్తకాలను స్కాన్ చేసింది. దీనితో ముడిపడిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు గ్రంథాలు చేరాయి. ఆ గ్రంథాలయపు పాత వెబ్‌సైట్లు నేడు పనిచేయడం లేదు. అయినా లక్షలాది పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. మూలస్థానం మూతపడినా పుస్తకాలు మిగలడానికి కారణం వాటిని మరొకచోటికి బదిలీ చేయడమే. అలా చేరిన ప్రతి మొదటి స్కానుతో సమానమా అన్నది ఇక్కడ తలెత్తే ప్రశ్న.

ప్రామాణ్య సాధనాలు

ఈ ప్రశ్నకు గణితం చూపిన సమాధానం చెక్‌సమ్. ఫైలులోని బిట్లన్నిటినీ లెక్కించి ఒక చిన్న సంకేతాన్ని రాబడతారు. ఒక్క బిట్టు మారినా ఆ సంకేతం మారుతుంది. నెట్‌వర్కు ప్రోటోకాళ్లలో ఇటువంటి తనిఖీ మొదటినుంచీ ఉన్నా, అది ప్రయాణంలోని భాగాలకే పరిమితం. డిస్కుపై జరిగే నష్టాన్ని అది గుర్తించదు. 1992లో రొనాల్డ్ రివెస్ట్ ప్రకటించిన ఎం.డి.5 పద్ధతి మొత్తం ఫైలుకు ముద్ర వేసే వీలు కల్పించింది. 2004లో ఒకే ముద్రగల రెండు వేర్వేరు ఫైళ్లను సృష్టించవచ్చని రుజువు కావడంతో ఎస్.హెచ్.ఎ.-256 వంటి దృఢమైన పద్ధతులకు ప్రాధాన్యం పెరిగింది.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, కాలిఫోర్నియా డిజిటల్ లైబ్రరీ కలిసి ఈ సాధనాన్ని గ్రంథాలయ అవసరాలకు మలిచాయి. వారు రూపొందించిన బ్యాగిట్ విధానం 2018లో ప్రమాణపత్రంగా వెలువడింది. అందులో ఫైళ్లన్నీ ఒక సంచిలో ఉంటాయి. వాటి పేర్లు, చెక్‌సమ్‌లతో ఒక పట్టిక వాటి వెంట ప్రయాణిస్తుంది. అందుకున్నవారు ఆ పట్టికతో సరిచూసి, ఏ ఫైలు తగ్గిందో, ఏది మారిందో తెలుసుకుంటారు.

ముగింపు

వేమన పద్యాల కోసం అనేక ప్రతులను సేకరించి, పోల్చి, 1829లో ప్రచురించిన సి.పి. బ్రౌన్‌కు పాఠాంతరాలు కంటికి కనిపించేవి. డిజిటల్ ప్రతిలోని మార్పు ఫైలు తెరిచేవరకు, ఒక్కోసారి తెరిచినా, కనిపించదు. చెక్‌సమ్ ఆ మార్పును పట్టిస్తుంది. అయితే దానికీ హద్దు ఉంది. స్కానింగ్‌లో జారిపోయిన పుటను అది చూపలేదు. మాతృకలో ఉన్నదే నకలులో ఉందని మాత్రమే చెబుతుంది. అంటే లేఖకుడి విన్నపంలోని మొదటి సగాన్ని అది రుజువు చేయగలదు. రెండవ సగం, అంటే దోష నిర్ణయం, పరిష్కర్త బాధ్యతగానే మిగులుతుంది.

కాబట్టి తాళపత్రాలను, పాత సిద్ధాంత గ్రంథాలను డిజిటల్ రూపంలోకి మార్చే తెలుగు శాఖలు, గ్రంథాలయాలు ముందుగా పుటలను మాతృకతో సరిచూసి, తొలి బదిలీకి ముందే చెక్‌సమ్ పట్టికను తయారుచేసి వేరుగా భద్రపరచాలి. ఆ తరువాత ఎప్పుడు తయారైన పట్టిక అయినా అప్పటికే జరిగిన నష్టాన్ని కూడా మాతృకగానే నమోదు చేస్తుంది. శిథిలమవుతున్న తాళపత్రం రేపు లేకపోవచ్చు. అప్పుడు పాఠానికి మిగిలే ఏకైక సాక్షి ఈ ఫైలే.