బాలనేరస్థుడి కథ ఎవరు రాస్తున్నారు?

చట్టాలతో సాహిత్య విద్యార్థికి పనిలేదనే మాటను నేను ఒప్పుకోను. నేరం చేసిన పిల్లవాణ్ణి ఒక సమాజం ఏ పేరుతో పిలిచిందో, ఎవరి కనుసన్నల్లో ఉంచిందో పరిశీలిస్తే ఆ సమాజపు వర్గస్వభావం బయటపడుతుంది.

1850 నాటి అప్రెంటిసుల చట్టం దిక్కులేని పిల్లల్నీ, చిల్లర నేరాలు చేసిన పిల్లల్నీ ఒకే గాటన కట్టింది. 10 నుంచి 18 ఏళ్లవారిని పని నేర్పే పేరుతో యజమానులకు అప్పగించింది. 1876లో వచ్చి, 1897లో తిరగరాసిన రిఫార్మేటరీ స్కూళ్ల చట్టం 15 ఏళ్లలోపు మగపిల్లల్ని 3 నుంచి 7 ఏళ్లదాకా నిర్బంధించమంది. 14 దాటినవాణ్ణి లైసెన్సు మీద యజమాని దగ్గర ఉంచవచ్చునంది. పర్యవేక్షణ అంటే వలస ప్రభుత్వానికి శ్రమను అదుపులో పెట్టడమే. అదే 1897లో నేరస్థ జాతుల చట్టానికి చేసిన సవరణ నాలుగేళ్ల పసివాణ్ణి సైతం తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారమిచ్చింది. అక్కడ నేరం చేయనక్కరలేదు, ఆ కులంలో పుడితే చాలు. స్టూవర్టుపురం చరిత్ర తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

1919-20 జైళ్ల కమిటీ తర్వాత, 1920లో మద్రాసు బాలల చట్టంతో శిక్షకు బదులు సంరక్షణ అనే భావం చట్టంలోకి వచ్చింది. 1986లో దేశవ్యాప్త చట్టం మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18 ఏళ్లను హద్దుగా పెట్టింది. 2000లో అందరికీ 18 అయింది.

2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సామూహిక అత్యాచారం, హత్య కేసులో ఆరుగురు నిందితుల్లో ఒకడికి 18 నిండలేదు. అతనికి పడింది మూడేళ్ల నిర్బంధం. వయోపరిమితి తగ్గించవద్దని జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే చెప్పింది. అయినా 2015 డిసెంబరులో అతను విడుదలైన రోజుల వ్యవధిలోనే రాజ్యసభ కొత్త చట్టాన్ని ఆమోదించింది. దాని ప్రకారం, ఘోరనేరం ఆరోపణ ఉన్న 16-18 ఏళ్లవాడి మానసిక, శారీరక సామర్థ్యాన్ని బోర్డు అంచనా వేసి, పెద్దవాడిగా విచారించడానికి బాలల కోర్టుకు పంపవచ్చు. నేరం రుజువైతే 21 ఏళ్లదాకా సురక్షిత స్థలంలో ఉంచాలి, ఏటా నివేదిక తెప్పించుకోవాలి. ఆ తర్వాత విడుదలో, జైలో కోర్టు తేలుస్తుంది.

అంటే ఆ కుర్రవాడి భవిష్యత్తు చాలావరకు ప్రొబేషన్ అధికారి రాసే కాగితం మీద ఆధారపడుతుంది. ఇల్లు, బడి, పని, సావాసం - అన్నీ అందులో ఉండాలి. అది నిజానికి ఒక జీవితకథ. దాన్ని ‘చెడు సావాసం’ అని ఒక్క ముక్కలో ముగిస్తే 1897 నాటి చూపే మిగులుతుంది.

బాధితురాలి దుఃఖాన్ని చిన్నది చేసి నేరస్థుణ్ణి అమాయకుడిగా చిత్రించడం అభ్యుదయం కాదు. హింస ఎక్కడ పుట్టిందో అడగకుండా వయసు లెక్క దగ్గర ఆగిపోవడమూ కాదు. అధికారి వదిలేసిన ఆ కథను మన కథకులు చేపట్టాలి.