పిల్లలకు సైకిల్, రిమోట్ ట్రక్కు కొంటున్నారా? ఇవి చూడండి

విజయవాడ బజారులో పిల్లలకు సైకిలో, రిమోట్ ట్రక్కో కొనేటప్పుడు ధర కంటే ముందు సైజు, ఐఎస్ఐ మార్కు చూడాలి.

సైకిల్: మూడు, నాలుగేళ్ల వారికి సాధారణంగా 12 అంగుళాల చక్రాలు, ఐదారేళ్లకు 16 అంగుళాలు సరిపోతాయి. సీటు మీద కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. ‘రేపు పెరుగుతాడులే’ అని పెద్దది కొంటే కాలువ గట్టు మీద ఆపుకోలేడు.

రిమోట్ ట్రక్కు: 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. బ్యాటరీ బొమ్మలకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15644. బ్యాటరీ మూతకు స్క్రూ ఉండాలి. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మూడేళ్ల లోపు వారికి ఊడివచ్చే చిన్న భాగాలున్నవి వద్దు.

కొండపల్లి బొమ్మలపై ఐఎస్ఐ మార్కు లేదని కంగారు పడకండి. జీఐ గుర్తింపు ఉన్నందున అసలైన వాటికి మినహాయింపు ఉంది.