స్కౌట్ మాస్టరు జేబు

1907 ఆగస్టు మొదటి వారంలో ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది దాకా కుర్రాళ్లు గుడారాలు వేసుకుని ఎనిమిది రోజులు గడిపారు. ప్రపంచ స్కౌట్ ఉద్యమానికి పుట్టినిల్లు ఆ క్యాంపే. ఆ క్యాంపు నడిపిన బేడెన్ పావెల్ అక్కడ పిల్లలకు ముళ్లు వేయడం, జాడలు పట్టడం, నిప్పు రాజేయడం నేర్పిన సంగతి ప్రతి స్కౌట్ పుస్తకంలోనూ ఉంటుంది. ఆ క్యాంపు జమాఖర్చుల గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. పెద్దింటి పిల్లలు చదివే బడుల నుంచి వచ్చినవాళ్ల దగ్గర తలకు ఒక పౌండు తీసుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లలోని బాయ్స్ బ్రిగేడ్ నుంచి వచ్చిన శ్రామికుల పిల్లల దగ్గర మూడున్నర షిల్లింగులే తీసుకున్నారు. పౌండుకు ఇరవై షిల్లింగుల కాలం కాబట్టి, అది ఐదో వంతు కన్నా తక్కువ. తిండీ గుడారమూ అందరికీ ఒకటే. అంతా అయ్యాక లెక్క చూస్తే ఇరవై నాలుగు పౌండ్ల చిల్లర లోటు తేలింది. ఆ సొమ్మును సాక్స్‌టన్ నోబుల్ అనే పెద్దమనిషి కట్టాడు. ఆయన కొడుకులిద్దరూ ఆ క్యాంపులో ఉన్నారు.

ఫీజు తాహతును బట్టి ఉండాలన్నది, ఎంత వసూలు చేసినా లోటు మిగులుతుందన్నది, దాన్ని ఎవరో ఒకరు సొంత డబ్బుతో పూడ్చాల్సిందేనన్నది మొదటి వారంలోనే తేలిపోయాయి. నూట పదేళ్లు దాటాక రాయలసీమలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బడుల్లో లోటు అలాగే ఉంది. నోబుల్ లాంటి తండ్రులు మాత్రం లేరు. ఆ స్థానంలో బడి పంతులు ఉన్నాడు.

స్కౌటింగ్ మన సీమ పొలిమేర దాకా చాలా తొందరగానే వచ్చింది. 1909లో కెప్టెన్ టి.హెచ్. బేకర్ బెంగళూరులోని బిషప్ కాటన్ బడిలో దేశంలోనే మొదటి ట్రూపు పెట్టాడు. అక్కడికి హిందూపురం వంద కిలోమీటర్ల దూరం. అయినా ఆ ట్రూపులో మన పిల్లలకు చోటు లేదు. అది యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. బ్రిటిష్ అధికారులు భారతీయ కుర్రాళ్లకు క్రమశిక్షణ, గుంపుగా కదలడం నేర్పడానికి జంకారు. దానికి జవాబుగా 1916లో అనీబిసెంట్, జి.ఎస్. అరండేల్ మద్రాసులో ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ స్థాపించారు. ఆ పనిలో వాళ్లతో కలిసి నడిచిన ఎఫ్.జి. పియర్స్ తర్వాతి కాలంలో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడికి ప్రిన్సిపాల్ అయ్యాడు. అనీబిసెంట్ పెట్టిన దివ్యజ్ఞాన కళాశాల కూడా మదనపల్లెలోదే. రాయలసీమకు ఈ ఉద్యమంతో ఉన్న చుట్టరికం చాలామంది అనుకునే దానికన్నా దగ్గరిది.

అలహాబాదులో 1918లో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవాసమితి స్కౌట్ సంఘం నడిపారు. 1921లో బేడెన్ పావెల్ వచ్చాక అనీబిసెంట్ సంఘం బ్రిటిష్ సంఘంలో కలిసింది. సేవాసమితి కలవలేదు. 1937లో ఢిల్లీ జంబోరీకి వచ్చిన బేడెన్ పావెల్ భారతీయుల మీద చేసిన వ్యాఖ్య పెద్ద దుమారమే లేపింది. మరుసటి ఏడాది హిందుస్థాన్ స్కౌట్ అసోసియేషన్ పుట్టింది. ఈ ముక్కలన్నీ స్వరాజ్యం వచ్చాక, 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒకటయ్యాయి. గర్ల్ గైడ్స్ 1951 ఆగస్టు 15న చేరారు. మొదటి జాతీయ జంబోరీ 1953లో మన హైదరాబాదులోనే జరిగింది. నవంబరు 7ను ఇప్పటికీ సంస్థ ఫ్లాగ్ డేగా జరుపుకుంటుంది. పిల్లలు జెండా స్టిక్కర్లు అమ్మి నిధి పోగుచేస్తారు.

బేడెన్ పావెల్ రాసిన తొలి పుస్తకం ప్రకారం సెకండ్ క్లాస్ స్కౌట్ కావాలంటే పిల్లాడి పేరున సేవింగ్స్ బ్యాంకులో ఆరు పెన్నీలైనా ఉండాలి. ఫస్ట్ క్లాస్‌కైతే ఒక షిల్లింగు. పొదుపు కూడా ఒక పరీక్షే. డబ్బు పిల్లాడి ఖాతాలో చేరాలన్నది ఆ నిబంధన సారం. ఇప్పుడు డబ్బు పైకి ప్రవహిస్తోంది. ఏటా ట్రూపు రిజిస్ట్రేషన్, చార్టర్ రెన్యువల్, ఒక్కో పిల్లాడికి సభ్యత్వం ఉంటాయి. ఆ సొమ్మును జిల్లా, రాష్ట్రం, జాతీయ కార్యాలయం పంచుకుంటాయి. జాతీయ సంఘం మళ్లీ ప్రపంచ స్కౌట్ సంస్థకు తన వాటా కడుతుంది. చిత్రం ఏమంటే, ప్రపంచ సంస్థ అన్ని దేశాల దగ్గరా ఒకే రేటు తీసుకోదు. దేశ తలసరి ఆదాయాన్ని బట్టి వర్గాలు చేసి, పేద దేశానికి తక్కువ, గొప్ప దేశానికి ఎక్కువ వేస్తుంది. బ్రౌన్‌సీ నాటి బుద్ధి అక్కడ ఇంకా బతికే ఉంది. అదే లెక్క దేశంలోకి దిగితే ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చునే ఇంటి పిల్లాడికీ, బెంగళూరు ఇంటర్నేషనల్ స్కూలు పిల్లాడికీ తాహతును బట్టి వేరువేరు రేట్లు ఉన్నాయని నేనెక్కడా వినలేదు.

నిజానికి సభ్యత్వం ఈ ఖర్చులో చిన్న ముక్క. పెద్దది యూనిఫాం. స్కార్ఫు, వాగుల్, బెల్టు, టోపీ, బ్యాడ్జీలు, విజిలు, తాడు, బూట్లు కొనాలి. ఆపైన ప్రథమ సోపాన్ నుంచి తృతీయ సోపాన్ దాకా టెస్టింగ్ క్యాంపులు, గవర్నరు చేతుల మీదుగా ఇచ్చే రాజ్య పురస్కార్ కోసం మరో క్యాంపు, రాష్ట్రపతి అవార్డు దాకా పోతే ఇంకా దూరాలు. జంబోరీ అంటే క్యాంపు ఫీజు, రైలు చార్జీ, దారి తిండి. 2023 జనవరిలో జరిగిన జాతీయ జంబోరీ రాజస్థాన్‌లోని రోహత్‌లో. పెనుకొండ నుంచి అక్కడికి ఒక పెట్రోల్‌ను, అంటే ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలను తీసుకుపోవడానికి ఏ ఉపాధ్యాయుడు సాహసిస్తాడో ఆలోచించండి. పట్టు ధర పెరిగిన నెలలో, మాస్టర్ వీవర్ దగ్గర కూలి ఆగిన నెలలో నేత ఇంట్లో బూట్ల ఊసెత్తలేం.

వసూలులో మరో మెలిక ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకూ పిల్లల చదువుకు ఫీజు అడ్డు కాకూడదు. స్కౌట్ వయసు పది నుంచి పదిహేడు. అంటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలే ట్రూపుకు ఆయువుపట్టు. స్కౌట్ సభ్యత్వం స్వచ్ఛందమే, బడి ఫీజు కాదు. కానీ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏ పేరుతో డబ్బులడిగినా సాయంత్రానికి ఎంఈఓకు ఫోను పోతుంది. హెడ్మాస్టరు ‘మీరే ఏదో సర్దండి’ అంటే, ఆ మాటకు అర్థం స్కౌట్ మాస్టరుకు తెలుసు. ముప్ఫై రెండు మంది ట్రూపులో పదిమంది కట్టలేరనుకుందాం. వాళ్లను తీసేస్తే మిగిలేది ట్రూపు కాదు, ఇంటి స్తోమతను బట్టి ఏరిన గుంపు. తీసేయకపోతే జేబులోంచి తీయాలి.

ఆ మాస్టరు ఎన్ని మెట్లు ఎక్కి అక్కడికి వచ్చాడో కూడా చూడాలి. బేసిక్ కోర్సు, అడ్వాన్స్‌డ్ కోర్సు, హిమాలయన్ వుడ్‌బ్యాడ్జ్. శిక్షణ సెలవుల్లో. ఆదివారం పిల్లలతో పెనుకొండ కోట ఎక్కడం, లేపాక్షి దాకా హైకు, తిరిగొచ్చాక లాగ్‌బుక్కుల మీద సంతకాలు. ఈ మధ్య సభ్యత్వమంతా ఆన్‌లైన్‌కు మారాక ఒక్కో పిల్లాడి వివరాలు ఎక్కించే పని కూడా ఆయనదే. అదే బడిలో పక్క గదిలో ఎన్‌సీసీ చూసే ఉపాధ్యాయుడికి 1948 నాటి చట్టం అండ ఉంది. ఆయనకు ర్యాంకు, గౌరవ వేతనం. పిల్లలకు ప్రభుత్వ యూనిఫాం, పరేడ్ రోజున టిఫిను. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌కూ కేంద్రం నిధులున్నాయి. స్కౌటింగ్ స్వచ్ఛంద సంస్థ కావడం దాని గొప్పతనమని ఉపన్యాసాల్లో వింటాం. నా మటుకు నాకు ఆ గొప్పతనం ఖరీదును ఒక్క మనిషి మీదే మోపడం అన్యాయంగా కనిపిస్తుంది. ఆ మనిషి బదిలీ అయితే ట్రూపు కూడా ఆయనతోనే పోతుంది. సీమలో మూతపడిన ట్రూపుల కథ అడిగితే ఎక్కువగా వినిపించేది ఇదే: ‘ఆ సారున్నప్పుడు ఉండేది.’

ఇది మన పేదరికం తెచ్చిన గొడవేనని అనుకుంటే పొరపాటు. అమెరికా స్కౌట్ సంస్థ ప్రధాన కార్యాలయం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంది. తెలుగువాళ్లు దండిగా ఉన్న ఊరే అది. మనవాళ్ల పిల్లలు అక్కడ ఈగిల్ స్కౌట్ అయితే ఇక్కడ బంధువులంతా వాట్సాప్‌లో అభినందిస్తారు. 2019 దాకా ఏడాదికి 33 డాలర్లున్న పిల్లల ఫీజు 2020 జనవరిలో ఒక్క దూకుతో 60 అయింది. బీమా ఖర్చు పెరిగిందన్నారు. లైంగిక వేధింపుల కేసులతో అదే ఫిబ్రవరిలో సంస్థ దివాలా పిటిషన్ వేసింది. 82 వేలకు పైగా బాధితులు ముందుకొచ్చారు. పరిష్కార నిధి 246 కోట్ల డాలర్లు. 2024కు ఫీజు 85 డాలర్లకు చేరింది. సేవ చేయడానికి వచ్చే పెద్దలు కూడా అక్కడ వేరేగా ఫీజు కట్టాలి. వారాంతాన్ని ఇచ్చి, కారులో పెట్రోలు పోసి, పైగా డబ్బు కట్టమంటే వాళ్లూ విసుక్కున్నారు. పాత పాపాల మూల్యం కొత్త పిల్లల రసీదు మీదికి ఎక్కిందన్న వాళ్ల బాధను కాదనలేం.

ఇంత భారమైనా మన దగ్గర కుర్రాళ్లు స్కౌటింగ్‌ను పట్టుకుని ఉండటానికి సేవాభావం ఒక్కటే కారణం కాదు. రైల్వే కొలువు ఆశ కూడా ఉంది. రైల్వే జోన్లు ఏటా స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా కింద కొద్ది పోస్టులు నింపుతాయి. జోన్ మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. దానికి రాష్ట్రపతి అవార్డో, హిమాలయన్ వుడ్‌బ్యాడ్జో ఉండాలి. ఐదేళ్లు చురుకైన సభ్యత్వం, జాతీయ లేదా అఖిల భారత రైల్వే స్థాయిలో రెండు, రాష్ట్ర స్థాయిలో రెండు కార్యక్రమాల్లో పాల్గొన్న రుజువులు కావాలి. ఐదేళ్ల చురుకైన సభ్యత్వం అంటే ఐదు రెన్యువల్ రసీదులు. ఒక్క ఏడాది చందా ఆగితే వరస తెగుతుంది. అందుకే ధర్మవరం లాంటి జంక్షన్ ఊళ్లో రెన్యువల్ గడువు దాటకుండా చూడటం స్కౌట్ మాస్టరుకు నిద్ర పట్టనివ్వని బాధ్యత.

ధర్మవరం నుంచి హిందూపురం దాకా రెండు గంటలు కూడా పట్టని రైలు దారిలో స్కౌట్లు ఎన్ని రాష్ట్రాలవాళ్లో చూడండి. భారత్ స్కౌట్స్ నిర్మాణంలో ప్రతి రైల్వే జోనూ ఒక రాష్ట్రంతో సమానం. ధర్మవరం గుంతకల్లు డివిజన్‌ది, పెనుకొండ, హిందూపురం స్టేషన్లు బెంగళూరు డివిజన్‌వి. అంటే ధర్మవరం రైల్వే స్కౌట్ దక్షిణ మధ్య రైల్వే ‘రాష్ట్రం’ వాడిగా ఉంటూ వచ్చాడు, హిందూపురం రైల్వే స్కౌట్ నైరుతి రైల్వే ‘రాష్ట్రం’ వాడు. బడి ట్రూపు పిల్లలు ఆంధ్రప్రదేశ్ సంఘం వాళ్లు. లేపాక్షి నవోదయ పిల్లలకు నవోదయ సమితి మరో గొడుగు. ఒకే ఊరి అన్నదమ్ములు వేరువేరు రాష్ట్ర కమిషనర్ల కింద ఉండొచ్చు, వేరువేరు రేట్లకు, వేరువేరు తేదీలకు కట్టొచ్చు.

విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు గుంతకల్లు డివిజన్‌ను అందులో చేర్చారు. 2025 జనవరిలో జోన్ కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. తృతీయ సోపాన్ దాటి రాజ్య పురస్కార్‌కు లాగ్‌బుక్ నింపుతున్న ధర్మవరం కుర్రాడి పాత సర్టిఫికెట్లు ఏ ‘రాష్ట్రం’ పేరున చెల్లుతాయి? కొత్త సంఘానికి రిజిస్ట్రేషన్ మళ్లీ మొదటి నుంచి కట్టాలా? ఐదేళ్ల లెక్కలో పాత ఏళ్లు కలుస్తాయా? ఇవన్నీ కనుక్కుని, ఫారాలు నింపి, పిల్లల చేతికి సమాధానం ఇవ్వాల్సింది స్కౌట్ మాస్టరే. ఆ పనికీ వేరే అలవెన్సు ఏమీ లేదు.