సహాధ్యాయప్రణయము – జపాను చిత్రకథలు

ఎఱ్ఱాప్రగడ కాశ్రయమిచ్చిన అద్దంకి రెడ్ల సీమలో, ఒంగోలు మొదలగు పట్టణముల పాఠశాలలయందు భారత భాగవతములు బోధించు పండితులకు రెండు సహాధ్యాయకథలు సుపరిచితములు. ద్రోణద్రుపదులు అగ్నివేశునియొద్దను, కృష్ణకుచేలులు సాందీపనియొద్దను చదివిరి. అయినను ఈ రెంటను గురుకులవాసము గడచిన కాలముగనే స్మరింపఁబడును. కథ నడచునది విద్య ముగిసిన పిదప. చదువునాళ్లలోనే స్నేహము ప్రణయముగా నెట్లు పరిణమించునో క్రమముగాఁ జూపిన వాఙ్మయ మొకటి జపానునందు వెలసినది.

మాంగా యనఁగా జపాను చిత్రకథ. 1949 ప్రాంతమున జన్మించిన కొందఱు రచయిత్రులు 1970 తరువాత బాలికల పత్రికలలో బాలుర పరస్పరానురాగము నితివృత్తముగాఁ గైకొనిరి. వారిలో హగియో మోతో, తకేమియా కేకో ముఖ్యులు. 1970 మొదలు 1973 వఱకు వీరిరువురును టోక్యోలోని ఓయిజుమియందు సహవాసము చేసిరి. 1971 నాటి ‘నవంబరు గిమ్నాజియము’ను హగియో మొదట బాలికల కథగాను వ్రాసి చూచి, బాలుర కథయే మేలని యెన్నుకొనెను. 1974లో వెలువడిన యామె ‘థామస్ హృదయము’ జర్మనీలోని వసతిపాఠశాలలో జరుగును. థామస్ అను బాలుని మరణముతో కథ మొదలగును. అతని చివరి లేఖ సహాధ్యాయియగు యూలికిఁ జేరును. తాను ప్రేమ కర్హుఁడను గానని తలఁచు యూలి మనస్సు మాఱుటకే గ్రంథమంతయుఁ బట్టినది.

2008లో గ్రంథరూపము నొందిన నకామురా అసుమికో రచనకుఁ బేరే ‘దోక్యూసే’, అనఁగా సహాధ్యాయి. బృందగానోత్సవమునకై ఒకఁడు రెండవవానికిఁ బాట నేర్పుటతో కథ మొదలగును. 2016లో నిది చలనచిత్రమైనది.

రుద్రటుఁడు స్నేహము స్థాయిగాఁ గల ప్రేయోరసమును పదియవదానిగా నెన్నెను. ఈ కథలు ప్రేయస్సున మొదలై శృంగారపు వాకిట నిలుచును. మన ప్రబంధములలోఁ బూర్వరాగమునకు దూరమో, పెద్దల యనుమతి లేమియో విఘ్నమగును. ఇచట తన భావమునకుఁ బేరిడ వెఱచుటయే విఘ్నము. కావున వీనియందు మందగమనము దోషము గాదు, గుణమే.

మన దేశమున 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఇట్టి యనురాగమునకు భయకారణముగా నుండెను. వయోజనుల పరస్పరసమ్మత సంబంధము నేరము గాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చట్టము విడిచిన భయమును విద్యార్థి మనస్సు వెంటనే విడువదు. కుచేలోపాఖ్యానము వినుచు మౌనముగాఁ గూర్చున్న బాలునకు స్నేహమను మాట యొక్కటియే చాలునో చాలదో, పండితులు విచారింతురుగాక.