గ్రీకు చతుర్భూతాలు

నిప్పు, గాలి, నీరు, మట్టి. లోకంలోని ప్రతి వస్తువూ ఈ నాలుగింటి కలయికేనన్నది ప్రాచీన గ్రీకు సిద్ధాంతం. అంతకుముందు తత్త్వవేత్తలు ఏదో ఒక్కదాన్నే మూలమనేవారు: థేలీస్ నీటిని, అనాక్సిమెనీస్ గాలిని, హెరాక్లిటస్ నిప్పును.

నాలుగింటికీ సమాన స్థానమిచ్చినవాడు క్రీ.పూ. 5వ శతాబ్దపు ఎంపెడోక్లీస్. సిసిలీ దీవిలోని అక్రగాస్ ఆయన ఊరు. వీటిని ఆయన ‘వేర్లు’ అన్నాడు. ప్రేమ వాటిని కలుపుతుంది, వైరం విడదీస్తుంది. పుట్టడం, గిట్టడం అనేవి ఆ కలయికకూ ఎడబాటుకూ మనుషులు పెట్టుకున్న పేర్లు మాత్రమే. ఎముకకైతే ఏకంగా పాళ్లే చెప్పాడు: ఎనిమిదింట 4 నిప్పు, 2 నీరు, 2 మట్టి. లెక్క తప్పినా, పదార్థాల తేడాను పాళ్ల తేడాగా చూడటం అసాధారణమైన ఊహ. గాలి శూన్యం కాదనీ ఆయన గ్రహించాడు. అడుగున చిల్లులున్న క్లెప్సిడ్రా పాత్రను, పై మూతిని చేత్తో మూసి ముంచితే, లోపలి గాలి నీటిని రానివ్వదు.

ప్లేటో ‘తిమాయస్’లో వీటికి ఆకారాలిచ్చాడు. మట్టిది ఘనం, నిప్పుది చతుర్ముఖి.

అరిస్టాటిల్ గుణాలు జోడించాడు: నిప్పు వేడి, పొడి, నీరు చల్లన, తడి. ఒక గుణం మారితే ఒక భూతం మరొకటవుతుంది. నక్షత్రలోకానికి ఆయన ఐదో పదార్థాన్ని చెప్పాడు. తర్వాతివారు దాన్ని ఈథర్ అన్నారు. మన పంచభూతాల్లోని ఆకాశంతో దాన్ని పోలుస్తారు గానీ, ఆకాశానికి గుణం శబ్దం, ఈథర్‌కు స్వభావం వలయాకార చలనం.

చివరికి, ఈ నాలుగింటిలో ఒకటైన నీరు మూలకం కాదని, రెండు వాయువుల సంయోగమని 1783లో రసాయన శాస్త్రవేత్త లవోయిజియే ప్రకటించాడు.