రాత్రి విహారము – మనసుకు కావలి

రెంజల్ నుండియు బోధన్ నుండియు చదువునకో కొలువునకో హైదరాబాదు చేరిన మన పిల్లలు, రాత్రివేళ దీపముల వెలుగులో, పాటల నడుమ, కొత్తవారితో స్నేహము చేయుట నేడు వింత కాదు. పెద్దలము దానిని కలికాలపు చేష్ట అని తీసివేయుదుము. కాని మన సాహిత్యమును తిరుగవేసి చూచినచో ఆ వేడుకయు పాతదే, అందలి అపాయమును పాతదే.

పదునైదవ శతాబ్ది తొలినాళ్ళలో వినుకొండ వల్లభరాయడు రచించిన క్రీడాభిరామములో మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిద్దరు ఓరుగల్లు వీథులలో విహరింతురు. పూటకూటి యింట భోజనము, కోడిపందెములు, ఆటపాటలు, వేశ్యావాటిక – అన్నియు చూతురు. ఆ రచన నగరములోని వినోదమును చూపినది. ఆ వినోదము వెనుకనుండు దుఃఖమును మరియొక కథ చూపినది.

గోలకొండ కరణమైన సారంగు తమ్మయ వైజయంతీ విలాసమున చెప్పిన విప్రనారాయణుని చరిత్రయే అది. 1954లో అది చలనచిత్రముగాను వచ్చినది. శ్రీరంగములో పూలతోట పెంచి స్వామికి మాలలు కట్టు ఆ భక్తుని, దేవదేవి పందెము కట్టి, భక్తురాలి వేషమున వచ్చి లోబరచుకొన్నది. చేతిలో ధనము లేదని తెలిసిన నాడు ఆమె తల్లి ఆయనను వీథిలోనికి గెంటినది. ప్రేమించుట ఆయన తప్పని మేము అనము. వచ్చినది ఎవరో, ఎందుకు వచ్చినదో విచారింపక మనసిచ్చుటయే తప్పు.

ఇక రెండవ పక్షమును గురజాడ అప్పారావుగారు చూపినారు. 1892లో తొలుత ప్రదర్శితమైన కన్యాశుల్కములోని మధురవాణి వేశ్య. గిరీశము మాటల చాతుర్యమును ఆమె ఎరుగును. నవ్వుచు వినును, నమ్మదు. సౌజన్యారావు పంతులుగారిని ముద్దు కోరియు, చెడనివారిని చెడగొట్టరాదను తల్లి మాట తలచి తానే విరమించుకొన్నది. తన మనసును కాచుకొనుట ఎంత అవసరమో, ఎదుటివారి మనసును కాచుటయు అంతే అవసరమని ఆ ఘట్టము చెప్పుచున్నది.

కనుక యువతీయువకులకు మా మనవి ఒకటే. రాత్రి కుదిరిన పరిచయమును పగటి వెలుగులో ఒకసారి చూడుడు. వలదన్న మాటను ఎదుటివారు మన్నించుచున్నారా? డబ్బు మాట ముందుగా వచ్చుచున్నదా? తమ ఊరు, పని చెప్పుటకు తడబడుచున్నారా? తొందర పెట్టువారిని వేచియుండుమనుడు. నిజమైన స్నేహము నాలుగు నాళ్ళు ఆగినంత మాత్రమున చెడదు.

తల్లిదండ్రులకును ఒక మాట. బిడ్డ మోసపోయి ఇల్లు చేరిన నాడు మొదట అన్నము పెట్టుడు. మందలింపునకు మరునాడున్నది. భయము లేకుండ చెప్పుకొనుటకు ఒక ఇల్లున్న బిడ్డ, రెండవసారి అంత సులభముగా మోసపోదు.