చత్వారం

నలభై దాటాక వచ్చేది కాబట్టి చత్వారం అన్నారు. సంస్కృతంలో నలభై అంటే చత్వారింశత్ కదా! కంటిలోని కటకం గట్టిపడి, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. 13వ శతాబ్దం చివర ఇటలీలో పుట్టిన మొదటి కళ్లజోళ్లు దీనికోసమే. దూరం ఆననివాళ్లకి తర్వాతెప్పుడో వచ్చాయి.

కృష్ణదేవరాయలు గురువుగా కొలిచిన వ్యాసతీర్థులు కళ్లద్దాలతో గ్రంథం చదివారని సోమనాథ కవి 'వ్యాసయోగిచరితం'లో ఉంది. బహుశా పోర్చుగీసువాళ్లు తెచ్చినవే అయ్యుంటాయి. మరి అదే విజయనగరంలో నలభై దాటిన ఆడవాళ్లు బియ్యంలో రాళ్లెలా ఏరుకున్నారో? నేను చదివిన ఏ కావ్యంలోనూ కనబడలేదు.

మా అమ్మమ్మకీ జోడు లేదు. సూదిలో దారం ఎక్కించాలంటే నన్నే పిలిచేది. పోయిన వారం నాకు జోడొచ్చింది. అది పెట్టుకుని నడిస్తే మెట్లు పైకి లేచినట్టున్నాయి గానీ, సూదిలో దారం మాత్రం రెండోసారికే ఎక్కింది.